మందు గది పక్కన పూజగది

ఆళ్లగడ్డలో నా అంత తెలివిగలవాడు లేడని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం నాకు తప్ప ఊళ్ళో ఇంకెవరికీ ఎందుకు లేదో ఇప్పటికీ అంతుపట్టదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, మా వైపు ఎక్కడ చూసినా బావులు తవ్వుతున్నారు. అడుగున బండ పడితే పేల్చడానికి మందు కావాలి. ఆ మందు నిలవ చేసి అమ్ముకోవడానికి లైసెన్సు కోసం అర్జీ పెట్టాను. సరుకు ఇంకా తేలేదు. ఇంటి చివర కొట్టుగది ఖాళీ చేసి, సున్నం కొట్టించి, ఇసుక బక్కెట్లు పెట్టి, బీడీ తాగరాదని బోర్డు రాయించాను.

ఒకటే చిక్కు. మందు గదిని ఆనుకుని పొయ్యి ఉండకూడదని రూలు. ఆనుకుని ఉన్నది మా వంటిల్లు.

పొయ్యి పగలగొట్టించి పెరట్లో మూడు రాళ్ళు పెట్టించాను. వంటింట్లో దేవుడి పటాలు వేలాడదీసి పూజగది అన్నాను. పూజగదిని ఏ ఇనస్పెక్టరు అనుమానిస్తాడు? ఈ ఉపాయం తట్టిన రోజు నా భుజాలు నేనే చరుచుకున్నాను. నా భార్య ఉమామహేశ్వరమ్మ మాత్రం ఎండలో వంట చేస్తూ నాతో మాట మానేసింది.

నంద్యాల బస్సులో ఇనస్పెక్టరు మునిస్వామి దిగాడు. నుదుటి నిండా విభూతి. అది చూసి నా పని అయిపోయిందనుకున్నాను. అయిపోయింది కూడా, నేననుకున్న అర్థంలో కాదు.

కొట్టుగదిలో గోడ తట్టి, "ఆ పక్క ఏముంది?" అన్నాడు.

"పూజగది సార్."

చెప్పులు విడిచి వచ్చాడు. పటాలకు దండం పెట్టుకుని చుట్టూ చూశాడు.

"పూజగది అంటాండావ్. దీపం యాడప్పా?"

పొయ్యి తీసేయాలని తట్టిన బుర్రకు, పూజగదిలో దీపం ఉంటుందని తట్టలేదు. అంతలో ఉమామహేశ్వరమ్మ వచ్చి పటాల ముందు నేతిదీపం వెలిగించింది.

"పొద్దునా మాపునా పెడ్తామయ్యా. పండగలప్పుడు రేయింబగళ్ళు ఆర్పం," అంది.

మునిస్వామి తల ఊపాడు. "పొయ్యన్నా కూడు ఉడికినాక చల్లారుతాది. సరేప్పా, ఈ దీపం నీ చేత్తో ఆర్పు. ఇంకెప్పుడూ ఈ గదిలో ఎలగదని చెప్పు. ఈడనే సంతకం పెడ్తా."

దీపం ముందు వంగాను. బుగ్గల నిండా గాలి కూడా నింపుకున్నాను. దేవుళ్ళంతా నావైపే చూస్తున్నారు. లైసెన్సు మీద ప్రాణం పీకుతోంది, ఊదడానికి మాత్రం నోరు రాలేదు. బుగ్గలు ఉబ్బించుకుని ఎంతసేపు కూర్చుంటాను?

"ఇది వంటిల్లు సార్," అన్నాను.

"తెలుసప్పా. దేవుళ్ళ ఎనక గోడంతా మసే ఉండాది."

అర్జీ కొట్టేసి, తిరుగు బస్సెక్కి వెళ్ళిపోయాడు.

నేను ఆమె మీద విరుచుకుపడ్డాను. "దీపం పెట్టి నా పొట్ట కొడితివి గదే. పెరట్లో పొగ పడకపోతే చెప్పగూడదా?"

"పొగకు కాదు," అంది. "పొయ్యినైతే పెరట్లోకి తోస్తివి. నీ మంచం యాడికి తోస్తివి?"

పోయి చూశాను. కొట్టుగదికి ఇంకో పక్క నేను పడుకునే గది. మధ్య గోడకే నా మంచం, తల పెట్టేదీ అటే. రూళ్ళలో పొయ్యి మాట చదివాను గానీ, నా తల సంగతి నాకు తట్టనే లేదు.

ఇన్నాళ్ళూ ఆమె అలిగిందనుకున్నాను. నా కోసం భయపడిందని తెలిశాక సిగ్గేసింది. లోపలెక్కడో సంతోషం కూడా వేసింది. పెరట్లో రాళ్ళు నేనే మోసుకొచ్చి వంటింట్లో పేర్చాను.

అన్నం ఉడికేలోపు మంచం కూడా గోడకు దూరంగా లాగాను. పక్కది ఖాళీ గదే గదా అని ఉమామహేశ్వరమ్మ పడీపడీ నవ్వింది.