అడిగినదానికి మాత్రమే

మాట్లాడటంలో ఆరు. రెండోసారి కూడా ఆరే.

ఇంగ్లీషు వినడంలో ఎనిమిదిన్నర, చదవడంలో తొమ్మిదికి తొమ్మిది, రాయడంలో ఏడున్నర వచ్చిన మనిషికి మాట్లాడటంలో ఆరు ఎట్లా వస్తుందో ఎవరైనా చెప్పండి. మొదటిసారి నన్ను పరీక్ష చేసినాయనకి చెవుడేమో అనుకున్నాను. రెండోసారి ఒకావిడ కూర్చుంది. ఆవిడా ఆరే వేసింది. సస్కటూన్‌లో ఉన్న చెవిటివాళ్ళంతా నాకే తగిలారని ఎన్నిసార్లని సర్దిచెప్పుకోను?

నా పేరు సూర్యకుమారి. ఎంబీబీఎస్, ఆ పైన ఎండీ పాథాలజీ. కర్నూలు దగ్గర ఒక మెడికల్ కాలేజీలో పన్నెండేళ్ళు పాఠాలు చెప్పాను, అదీ ఇంగ్లీషులో. మా ఆయన చక్రధర్‌కి ఇక్కడ ఉద్యోగం రావడంతో కెనడా వచ్చాం. ఇక్కడ డాక్టరుగా పనిచెయ్యాలంటే ఎక్కాల్సిన మెట్లు చూసి కళ్ళు తిరిగి, పీహెచ్‌డీ వైపు మళ్ళాను. యూనివర్సిటీలో బోయ్‌చుక్ అనే ప్రొఫెసర్ ఉంది, కిడ్నీ జబ్బుల మీద పరిశోధన చేస్తుంది. నాచేత ఇరవై స్లైడ్లు చదివించి, "సెప్టెంబరులో చేరిపో" అంది. ఒకటే షరతు. జూన్ ముప్పై లోపల ఇంగ్లీషు పరీక్షలో అన్ని భాగాల్లోనూ ఏడు రావాలి. అది యూనివర్సిటీ రూలు, ఆవిడ చేతిలో లేదు. రాకపోతే ఆ సీటు జాబితాలో నా తర్వాతి మనిషికి పోతుంది.

అప్పటికి మూడేళ్ళుగా ఇంట్లో కూర్చున్నాను. ఇంకో ఏడాది కూర్చుంటే మైక్రోస్కోపులో ఏ వైపు నుంచి చూడాలో కూడా మరిచిపోతాను. నాకు ఆ సీటు కావాలి. అంతగా నేను దేన్నీ కోరుకోలేదు.

మూడోసారి రాద్దామంటే ఖాళీ ఏది? అది రెండువేల ఇరవై మూడు. ఏ బస్సెక్కినా మన పిల్లలే, ఏ కాఫీ షాపుకి వెళ్ళినా అవతల టోపీ పెట్టుకుని మన పిల్లలే. కాలేజీ మారేవాళ్ళూ, ఇక్కడే స్థిరపడటానికి పీఆర్‌కి అప్లై చేసేవాళ్ళూ అందరూ ఆ పరీక్ష మీదే పడ్డారు. రోజూ పొద్దున్నే లేచి మొహం కడుక్కోకుండా ఆ వెబ్‌సైటు ముందు కూర్చుంటే, చివరికి జూన్ ఇరవైన ఒక్కటంటే ఒక్క ఖాళీ దొరికింది.

"నేను ప్రాక్టీస్ చేయిస్తా ఆంటీ," అంది కావ్యశ్రీ.

కావ్యశ్రీ మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే ముగ్గురు అమ్మాయిల్లో ఒకతె. జగిత్యాల పిల్ల, ఇరవై రెండేళ్ళు. పొద్దున బిజినెస్ డిప్లొమా క్లాసులు, మధ్యాహ్నం నుంచి కాఫీ షాపులో పని. కార్లో కూర్చునే కాఫీ కొనుక్కుపోయే కిటికీ దగ్గర ఆర్డర్లు తీసుకుంటుంది. ఆ పిల్ల ఇంగ్లీషులో కర్త ఒక దిక్కూ క్రియ ఒక దిక్కూ పోతుంటాయి. దానికి మాట్లాడటంలో ఏడున్నర! ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. పైగా ఆంటీ ఒకటి. నాకు నలభై ఒకటే. "మేడమ్ అనవే" అంటే "సరే ఆంటీ" అంటుంది.

మే నెల మధ్యలో ఒక ఆదివారం పొద్దున వంటింటి బల్ల దగ్గర మొదలుపెట్టాం. కావ్యశ్రీ ఎగ్జామినర్‌లాగా నిటారుగా కూర్చుని ఫోన్లో టైమరు పెట్టింది.

"డూ యూ లైక్ కుకింగ్?"

"నో."

కావ్యశ్రీ నా మొహం చూసింది. నేను దాని మొహం చూశాను.

"వై?"

"నో టైమ్."

"హూ కుక్స్ ఇన్ యువర్ హౌస్?"

"మీ."

ఫోను బల్ల మీద బోర్లా పెట్టేసింది. "ఏంది ఆంటీ ఇది! పోలీస్ స్టేషన్ల కూసున్నట్టు చెప్తున్నరు. మీ వంటతోని వాళ్ళకేం పని? మిమ్మల్ని మాట్లాడించెతందుకు అడుగుతరు."

"అడిగినదానికి చెప్పాను కదే. అందులో తప్పుందా?"

"తప్పు లేదు. అసల్ ఏమే లేదు అండ్ల."

అప్పుడు ఆ పిల్లకి వైవా అంటే ఏమిటో చెప్పాల్సొచ్చింది. మెడిసిన్‌లో రాతపరీక్ష ఒక ఎత్తు, వైవా ఒక ఎత్తు. వేరే కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఎదురుగా కూర్చోబెట్టుకుని నోటితో అడుగుతాడు. మా సీనియర్లు మాకు నూరిపోసింది ఒకటే మాట. అడిగినదానికి మాత్రమే చెప్పు, చెప్పి నోరు మూసుకో. ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడావా, ఆ ముక్క పట్టుకునే నిన్ను బావిలోకి దించుతాడు. కామెర్ల గురించి అడిగితే కామెర్లు చెప్పి ఊరుకోవాలి. తెలివి చూపిద్దామని ఏ అరుదైన జబ్బు పేరో ఎత్తితే, ఇక మిగతా వైవా అంతా ఆ జబ్బే. నా పక్క నంబరు వీరభద్రం అట్లాగే నోరు జారి ఆరు నెలలు పోగొట్టుకున్నాడు. నేను ఒక్క వైవా కూడా తప్పలేదు. తర్వాత పన్నెండేళ్ళు నేనే అవతలి కుర్చీలో కూర్చుని, ఎక్కువ మాట్లాడినవాళ్ళ పని పట్టాను.

"అమ్మో, మీరు జెర డేంజరే," అంది కావ్యశ్రీ. "కానీ ఇది వైవా కాదు ఆంటీ."

"ఎదురుగా మనిషి కూర్చుని మార్కులేస్తుంటే వైవా కాక పేరంటమా?"

"పేరంటమే అనుకోండ్రి! పేరంటంల గూడ గిట్లనే ఒక్క ముక్క చెప్పి ఊకుంటరా?"

నాకు పేరంటాలకి పోయే అలవాటు లేదని చెప్తే ఇంకా తిడుతుందని ఊరుకున్నాను.

తర్వాతి ఆదివారం దానికి ఇంకో ఉపాయం తట్టింది. క్లాసులో గంటసేపు మాట్లాడేదాన్ని కదా, అట్లాగే మాట్లాడమంది. సరేనన్నాను. తోటల గురించి అడిగింది. నేను గొంతు సవరించుకుని, "గార్డెన్స్ కెన్ బి క్లాసిఫైడ్ ఇంటూ టూ టైప్స్" అని మొదలుపెట్టాను. కావ్యశ్రీ రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది. పక్కగదిలో లాప్‌టాప్ ముందున్న చక్రధర్ పకపకా నవ్వాడు.

"నాతో పోట్లాడేటప్పుడు ఈ టైప్స్ గీప్స్ ఏమీ ఉండవే!" అన్నాడు.

నేను చూసిన చూపుకి తలుపు వేసుకున్నాడు.

ప్రతి జవాబుకీ మూడు తోకలు తగిలించాలని కావ్యశ్రీ రూలు పెట్టింది. ఎందుకు, ఎప్పుడు, ఎవరితో. వినడానికి అరటిపండు వలిచిపెట్టినంత సులువు. కానీ మొదటి వాక్యం అవగానే నా నోటికి ఎవరో తాళం వేసినట్టయ్యేది. లోపల సీనియర్లు వరసగా నిలబడి "చాలు, ఇక ఆపు" అంటున్నట్టు ఉండేది. నాలుగో ఆదివారం నా ఓపిక తెగిపోయింది.

"నా వల్ల కాదు, పో! పన్నెండేళ్ళు మెడికోలని వణికించిన మనిషిని, నీ దగ్గర కూర్చుని నాకు వంట ఇష్టమా, వాన ఇష్టమా అని చెప్పుకోవాలా? నా ఖర్మ కాకపోతే!"

కావ్యశ్రీకి కోపం రాలేదు. పనికి వెళ్ళే టోపీ చేతిలో తిప్పుకుంటూ నిలబడింది. "తొలినాడు నేను బాత్రూంల కూసోని ఏడ్చిన ఆంటీ," అంది. "హెడ్‌సెట్ల వాళ్ళు ఏమంటున్నరో ఒక్క ముక్క సమజ్ కాలె. ఎనక పది కార్లు. తప్పో ఒప్పో మాట్లాడుకుంటనే పోయిన. మనం నోరు మూసుకుంటే కారు ముందలికి పోదు కదా."

దాన్ని అంత మాట అన్నందుకు నాకే సిగ్గేసింది. "కూర్చో, ఇంకో ప్రశ్న అడుగు" అన్నాను. ఆ రోజు అది పనికి పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళింది.

జూన్ ఇరవై వచ్చింది. ఈసారి నా ఎదురుగా గడ్డం ఉన్న ఒక కుర్రాయన. రెండు నిమిషాలు మాట్లాడమని ఒక కార్డు ఇచ్చాడు. ఇంట్లో పాడైపోతే బాగుచేయించుకున్న వస్తువు గురించి చెప్పాలి. మా మిక్సీ పాడైందనీ, తర్వాత బాగైందనీ రెండు వాక్యాలు చెప్పి ఆగాను. ఆయన అట్లాగే చూస్తున్నాడు. ఎందుకు పాడైంది? అది గుర్తొచ్చేసరికి నాకు చక్రధర్ మీద కోపం మళ్ళీ కొత్తగా పుట్టుకొచ్చింది.

ఇక చెప్పాను. కర్నూలులో కొని, పట్టుచీరల మధ్య పెట్టి మోసుకొచ్చిన మిక్సీ. ఇక్కడి కరెంటు దానికి చాలదు, మంచి ట్రాన్స్‌ఫార్మర్ కొనమని నెత్తీనోరూ కొట్టుకుని చెప్తే, మా ఆయన అందులో సగం బలం కూడా లేనిది తెచ్చాడు. ఇంజనీరు! మినప్పప్పు వేసి మీట నొక్కగానే గుప్పున పొగ. పొగకి అలారం. అలారానికి బేస్‌మెంట్ పిల్లలు ముగ్గురూ జనవరి మంచులోకి చెప్పుల్లేకుండా పరుగు. ఫైరింజను వాళ్ళొచ్చి రుబ్బీ రుబ్బని పిండిని చూసి ఇదేం పదార్థమని అడిగారు. ఆ కుర్రాయన నవ్వాపుకుంటున్నాడు. మిక్సీని పక్కింటి పెద్దాయన ఎట్లా బాగుచేశాడో చెప్పబోతుండగా కుర్రాయన చెయ్యి ఎత్తి, "థాంక్యూ" అన్నాడు.

ఆ తర్వాత కూడా రెండుసార్లు వాక్యం మధ్యలోనే "థాంక్యూ" అని ఆపేశాడు. ఆఖరికి, అయిపోయింది, వెళ్ళవచ్చన్నాడు.

ఆ థాంక్యూ నాకు తెలియనిదా? నేను ఎన్ని వందలసార్లు అనలేదు! ఫెయిల్ అని కాగితం మీద వేసేశాక, ఇంకా ఏదో చెప్పబోతున్న పిల్లని అట్లాగే నవ్వు మొహంతో ఆపి పంపేదాన్ని. పైగా నేను అడిగినదానికి జవాబే చెప్పలేదు. బాగుచేసిన సంగతి అడిగితే పాడైన సంగతి చెప్పి వచ్చాను. వీరభద్రం కంటే అధ్వానం.

కారెక్కాక తాళం కూడా తిప్పకుండా ఫోను తీశాను. మూడోసారి కూడా ఆరు అని బోయ్‌చుక్‌కి నా చేత్తో పంపే కంటే నేనే మర్యాదగా తప్పుకోవడం మేలనిపించింది. దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నానని ఒక వాక్యం, అసౌకర్యానికి చింతిస్తున్నానని ఇంకో వాక్యం రాసి ప్రొఫెసర్‌కి మెయిల్ కొట్టాను. గంటలోనే ఆవిడ దగ్గరనుంచి జవాబొచ్చింది. జాలి మాటలు చదివే ఓపిక లేక తెరవలేదు. ఇంట్లో చక్రధర్ అడిగితే "అయిపోయింది" అన్నాను. కావ్యశ్రీ అడిగితే "రాశాను" అన్నాను. అంతకుమించి ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఆరో రోజు ఫలితం వచ్చింది. మాట్లాడటంలో ఏడున్నర.

కావ్యశ్రీ నా భుజాలు పట్టుకుని ఎగిరింది. "నాతోని సమానం వచ్చింది ఆంటీ!" అంది. నేను ఫోను బల్ల మీద బోర్లా పెట్టేశాను. ఏమైందని అడిగితే అంతా చెప్పాను.

"అయ్యో! టైమైతే అందర్ని కట్ చేస్తరు ఆంటీ. నన్ను మూడుసార్లు కట్ చేసిన్రు. కట్ చేసిన్రంటే నిండా మాట్లాడినట్టు!"

"ఆ ముక్క ముందే ఏడవచ్చు కదే!"

"కట్ చేసేదాంక మీరు మాట్లాడుతరని నేను కలగన్ననా?"

దాన్ని ఏమని తిట్టను? ముందు రెండుసార్లూ నన్ను ఆపాల్సిన అవసరం ఎవరికీ రాలేదు మరి.

అప్పుడు తెరిచాను ఆ మెయిల్. జాలి మాటలేమీ లేవు. "అంతా క్షేమమేనా? పరీక్ష దగ్గర ఏమైనా జరిగిందా? నాకు చెప్పు" అని ఉంది. కింద ఫోన్ నంబరు. వెంటనే ఫోన్ చేశాను.

ఏడున్నర వచ్చిందని చెప్పాను. ఆవిడ జరిగింది మెల్లగా చెప్పింది. నా జవాబు కోసం నాలుగు రోజులు చూసిందట. నేను వేరే చోట చేరిపోయానేమో అనుకుందట. నిన్న పొద్దున సీటు తర్వాతి అబ్బాయికి ఇచ్చింది, అతను సాయంత్రానికే ఒప్పుకున్నాడు.

"పరీక్ష రాశాను, ఫలితం ఇంకా రాలేదు అని ఒక్క ముక్క రాసి ఉంటే ముప్పై దాకా ఆగేదాన్ని కదా, సూర్యా," అంది.

నిజమే. ఒక్క ముక్క. పరీక్షలో నన్ను ఎవరూ ఫెయిల్ చెయ్యలేదు. కార్లో కూర్చుని నన్ను నేనే ఫెయిల్ చేసుకున్నాను.

"ఇంకేమైనా చెప్పాలనుందా?" అని అడిగింది ఆవిడ.

పన్నెండేళ్ళలో కొన్ని వందల మందికి వైవా చేశాను. ఒక్కరిని కూడా ఆ మాట అడగలేదు.

లేదు, థాంక్యూ అనేది నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "ఉంది," అన్నాను. "చాలా ఉంది. మీకు టైముందా?"

ఉందంది. జనవరిలో మళ్ళీ చేర్చుకునేటప్పుడు ఇంకో సీటు ఉంటుందో ఉండదో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ రోజు కార్లో కూర్చుని ఆ రెండు వాక్యాలూ ఎందుకు రాశానో మొదలుపెట్టి చెప్పుకుంటూ పోయాను. ఎంతసేపైందో తెలియదు. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.