టబ్బులో నీళ్ల రంగు

నీళ్లలో కరెంటు పెట్టడమే నా వృత్తి. కుళాయిలకూ తలుపు పిడులకూ నికెల్ పూత పూసే షెడ్డులో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నాను. తొట్టిలో నీళ్ల రంగు చూసి లోపల ఏ లోహం కరుగుతోందో, ఎవరు పొరపాటున ఏం పడేశారో దూరం నుంచే చెప్పేస్తానని నాకో పేరుంది. అంత పేరున్నవాణ్ణి, మా ఇంట్లో ఒక ప్లాస్టిక్ టబ్బు ముందు మూడు వారాల పాటు మొద్దులా కూర్చున్నాను. పిల్లాణ్ణి చంకలో పెట్టుకుని ఊరంతా వెతికిన మనిషి నాకంటే నయం.

మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. వాణ్ణి దొర అంటాం. ఎందుకంటే వాడి పనులన్నీ వాడి వేళకు, వాడి వరసలో జరగాలి. మిగతా లోకం పక్కకు తప్పుకోవాలి. వాడికి ఆటిజం. మాటలు తక్కువ, ఉన్నవాటిలో ముఖ్యమైనది ‘అయింది’. అన్నం తిన్నాక అయింది, స్నానం చేశాక అయింది, చుట్టాలొస్తే వాళ్లు చెప్పులు విప్పకముందే అయింది.

గోడ మీది క్యాలెండర్ కాగితం రోజూ చింపడం దొరగారి డ్యూటీ. ఒకసారి జ్వరమొచ్చి నాలుగు రోజులు మంచం దిగలేదు. పోనీలే పాపమని మా ఆవిడే చింపేసింది. లేచాక ఆ నాలుగు కాగితాలనూ చెత్తబుట్టలోంచి ఏరించాడు. మా ఆవిడ దర్జీ కాబట్టి ఇంట్లో గుండుసూదులకు కొదవలేదు. వాటితో కాగితాలను మళ్లీ క్యాలెండర్‌కు గుచ్చించి, ఒక్కొక్కటే తన చేత్తో చింపి, నాలుగుసార్లు ‘అయింది’ అన్నాడు. ఆ రోజు నవ్వలేక చచ్చాం.

వాడి డ్యూటీల్లో నాకు ప్రాణమైనది ఇంకొకటుంది. మా షెడ్డులో పని కాగానే స్నానం చేసి, బట్టలు మార్చుకుని గానీ బయటికి రానివ్వరు. ఎంత తోముకున్నా అరచేతుల్లో ఆ లోహపు వాసన కాస్త మిగులుతుంది. సాయంత్రం నేను తలుపు తీసేసరికి దొర గుమ్మంలో ఉంటాడు. నా ఎడమ చేయి పట్టుకుని ముక్కుకు ఆనించుకుంటాడు. తర్వాత కుడి చేయి. “అయింది” అని వెళ్లిపోతాడు. వాడు ఎవరినీ వాటేసుకోడు, ముద్దు పెట్టనివ్వడు. నాకు దక్కిన ముద్దు అదే. పని లేని ఆదివారాలు మాత్రం నావైపు చూడడు.

దొర వెళ్లే మాటల క్లాసు బయట బెంచీ మీద ఎవరో తల్లి చెప్పిందట, కాళ్లు నీళ్లలో పెడితే ఒంట్లోని విషమంతా లాగేసే మిషను ఒకటుందని, తన పాప కళ్లలోకి చూడటం మొదలుపెట్టిందని. మా ఆవిడ ఆ మాట పట్టుకుని వారం రోజులు నిద్రపోలేదు. అంతకు రెండేళ్ల ముందే పిల్లల డాక్టరు రక్తపరీక్ష చేసి, ఏ విషమూ లేదు, వీడి తీరే ఇది, మాటల క్లాసు మానకండి అని చెప్పాడు. అయినా ఒక ఆదివారం బయల్దేరాం. ఆశకు అడ్డమెవరు?

ఆవిణ్ణి మేము టబ్బు మేడం అనుకునేవాళ్లం. శుభ్రమైన గది, మెత్తటి తువ్వాళ్లు, గోడ మీద రంగుల పట్టిక. గోధుమరంగు వస్తే కాలేయం, నారింజ వస్తే కీళ్లు, నల్లగా వస్తే లోహాల విషం. గోరువెచ్చటి నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి, వైరు చివరనున్న లోహపు చుట్టను ముంచి, దొర పాదాలు పెట్టించింది. మిషను గుర్రుమంది. దొరకు ఆ చప్పుడు ఎంతగా నచ్చిందంటే, అరగంట కదల్లేదు. నీళ్లు మెల్లగా పసుపెక్కి, గోధుమరంగై, చివరికి నల్లటి మడ్డి తేలింది.

టబ్బు మేడం మమ్మల్ని చూసి మెత్తగా అడిగింది. “ఇంట్లో లోహాలతో పనిచేసేవాళ్లున్నారా? లేకపోతే కడుపుతో ఉన్నప్పుడు పంటికి వెండి పూడిక లాంటిదేమైనా వేయించుకున్నారా అమ్మా?”

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, “నేనేనండీ, ప్లేటింగ్ షెడ్డులో,” అన్నాను. మా ఆవిడ నోరు మెదపలేదు. నన్ను తప్పుపట్టలేక ఊరుకుందనుకున్నాను.

ఆవిడ దగ్గరే మిషను తీసుకుని ఇంటికి తెచ్చుకున్నాం. రోజు విడిచి రోజు టబ్బు. ఆ సోమవారం నుంచే నేను దొరకు చేతులివ్వడం మానేశాను. మొదటి రోజు చేతులు వెనక్కి పెట్టుకుంటే, వాడు నా చుట్టూ తిరిగి వెనక్కొచ్చాడు. పైకెత్తాను. వాడు కాసేపు నా మోచేతుల వంక చూసి వెళ్లిపోయాడు, ‘అయింది’ అనకుండానే. రెండో వారానికి గుమ్మంలోకి రావడమే మానేశాడు. నా వల్లే వాడు ఇలా అయ్యాడు, ఇక నా చేయి తగలకపోవడమే వాడికి మేలని నాకు నేను చెప్పుకుని, చెప్పులు విప్పుకుంటూ ఏడ్చాను. పని మానేస్తానని పెద్దమేస్త్రితో చెప్పడానికి రెండుసార్లు వెళ్లి, టీ తాగి తిరిగొచ్చాను.

మూడు వారాలు గడిచాక, ఆదివారం మధ్యాహ్నం మేమిద్దరం భోంచేస్తున్నాం. స్నానాలగదిలోంచి గుర్రుమని మిషను చప్పుడు. ఆ రోజు టబ్బు రోజు కాదు. ఎంగిలిచేత్తోనే పరిగెత్తాను.

దొర అన్నీ వరసగా చేశాడు. నీళ్లు సరిగ్గా గీత దాకా. ఉప్పు చిటికెడు. చుట్ట మధ్యలో. తర్వాత పీట మీద బాసింపట్టు వేసుకుని, గడ్డం కింద రెండు చేతులూ పెట్టుకుని ఆ చప్పుడు వింటున్నాడు. కాళ్లు పొడిగా ఉన్నాయి. మడమ దగ్గర పౌడరు కూడా చెదరలేదు.

టబ్బులో నీళ్లు గోధుమరంగులో ఉన్నాయి. పైన నల్లటి మడ్డి.

నేను స్విచ్చి ఆపి, చుట్టను బయటికి తీసి చూశాను. కొత్తలో నునుపుగా ఉన్నది గరుకెక్కి, గుంటలు పడి, ఒకవైపు సగానికి అరిగింది. ఇలాంటివి నేను జీవితంలో ఎన్ని మార్చానో లెక్కలేదు. పనిలో చేరిన మొదటి రోజు పెద్దమేస్త్రి నాకు చూపించింది ఇదే. గ్లాసులో ఉప్పునీళ్లు, రెండు మేకులు, బ్యాటరీ. ఐదు నిమిషాల్లో నీళ్లు తుప్పు రంగు. “ఇనుము కరుగుతోందిరా, నీళ్లు మాయ చేయవు,” అన్నాడు. ఇరవై ఏళ్లుగా కొత్తవాళ్లందరికీ నేనూ అదే చూపిస్తున్నాను.

నాకు పెద్దగా నవ్వొచ్చింది. అంతలోనే మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉండటం చూసి నవ్వు ఆగిపోయింది. ఆమె ఆశంతా ఈ టబ్బులోనే ఉంది. దాన్ని నా చేతులతో పారబోయాలా?

“ఏమైందండీ? వీడి కాళ్లు తడవలేదే,” అంది.

“తడవలేదు. అయినా రంగొచ్చింది. ఇది తుప్పోయ్. ఈ చుట్ట కరిగి వచ్చిన తుప్పు.”

ఆమె చుట్టను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. “నేను గుడ్డ మీద కత్తెర వేసేముందు ఎన్నిసార్లు కొలుస్తానో తెలుసుగా. మళ్లీ పెట్టండి. ఈసారి నా కళ్ల ముందు.”

టబ్బు కడిగి మళ్లీ నింపాం. ముగ్గురం తడి నేల మీద కూర్చున్నాం. ఎవరి కాళ్లూ లోపల లేవు. పది నిమిషాలకు పసుపు, ఇరవై నిమిషాలకు గోధుమ.

“అంటే వీడి ఒంట్లోంచి ఏమీ రాలేదా?”

“ఏమీ రాలేదు.”

“నా పన్ను నుంచి కూడా?”

నాకు అర్థం కాలేదు. “నీ పన్నేంటి?”

“వీడు కడుపులో ఉన్నప్పుడు, ఐదో నెలలో పంటికి పూడిక వేయించుకున్నా. నొప్పి తట్టుకోలేక. మీతో మామూలు పంటినొప్పి అని చెప్పా. టబ్బు మేడం అడిగినప్పుడు మీరు ముందే నేనే అన్నారు. మీకు ఎప్పుడో తెలిసిపోయి, నన్ను కాయడానికి అన్నారనుకున్నా. ఇన్నాళ్లూ ఆ మడ్డి చూసినప్పుడల్లా, ఇది నేను పెట్టిందే కదా అనుకుంటూ కూర్చున్నానండీ.”

ఒకే టబ్బులోకి చూస్తూ మేమిద్దరం ఎవరి భుజాలు వాళ్లం తడుముకున్నాం. నేను ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడ్చింది కూడా. కానీ ఆ ఏడుపు మధ్యలో నవ్వింది. మూడు వారాలుగా కాదు, ఎనిమిదేళ్లుగా నేను చూడనంత తేలికైన నవ్వు. “మన దొర శుభ్రంగానే ఉన్నాడన్నమాట,” అంది. “మనమే మడ్డిబుర్రలం.”

“అయింది,” అన్నాడు దొర, మిషను వైపు చూసి.

అప్పుడు నేను ఆశగా రెండు చేతులూ వాడి ముందు చాపాను. వాడు వాటి మీదుగా గోడకేసి చూసి, లేచి వెళ్లిపోయాడు. ఆదివారం కదా అని మా ఆవిడ సర్దిచెప్పింది. నేను మాత్రం ఆ చేతులు వెంటనే దించలేదు. ఒక్కసారి వదిలేసిన అలవాటుని వీడు మళ్లీ తలకెత్తుకుంటాడో లేదో ఎవరికి తెలుసు?

సోమవారం మా ఆవిడ మిషను టబ్బు మేడానికి తిరిగి ఇచ్చేసింది. మధ్యాహ్నం షెడ్డుకు ఫోన్ చేసింది.

“దులిపేశావా?” అన్నాను.

“లేదండీ. ఎవరి కాళ్లూ పెట్టకుండా ఉప్పునీళ్లలో నడిపి చూపించా. ఆవిడ కుర్చీలో కూలబడింది. వాళ్లమ్మ మోకాళ్లకి రోజూ అదే పెడుతోందట పాపం. గోడ మీద పట్టిక తీసేస్తానంది. తీసేదాకా అక్కడే కూర్చుని వచ్చా.”

ఆ సాయంత్రం షెడ్డులో ఎప్పటిలాగే స్నానం చేసి, బట్టలు మార్చుకుని, అరచేతులు వాసన చూసుకున్నాను. ఉంది, కాస్త. ఇంటికి చేరేదాకా ఆ చేతులు జేబుల్లో పెట్టుకోలేదు.

తలుపు తీశాను. గుమ్మంలో దొర లేడు. మా ఆవిడ కుట్టుమిషను ఆపి నావైపు చూసింది. నేను చెప్పులు కూడా విప్పకుండా, చేతులు ముందుకు చాపి అక్కడే నిలబడ్డాను. ఎంతసేపైనా సరే అనుకున్నాను.

లోపలి గదిలోంచి వాడు వచ్చాడు. నా చేతులు చూశాడు. ఎడమ చేయి పట్టుకుని ముక్కుకు ఆనించుకున్నాడు. తర్వాత కుడి చేయి. “అయింది.”

వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. మళ్లీ ఎడమ, మళ్లీ కుడి. “అయింది.” మళ్లీ ఎడమ. భుజం మీద సంచి జారిపోతోంది, ఆకలి దంచేస్తోంది, చేతులు లాగుతున్నాయి. కదిలితే ఒట్టు. మా ఆవిడ దూరం నుంచి పెదవులు కదుపుతూ లెక్కపెడుతోంది.

పంతొమ్మిది దగ్గర ఆగాడు. చేయి వదిలేసి, బొమ్మల దగ్గరికి వెళ్లిపోయాడు.

“పాతవన్నీ తీర్చేశాడు,” అన్నాను. “కానీ మూడు వారాలంటే ఇరవై ఒకటి కదా. ఇవాళ్టిది కలిపితే ఇరవై రెండవ్వాలి. మూడు తప్పాడు.”

మా ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. “తప్పింది మీరే. వాడు ఆదివారాలు తీసేశాడు.”