తొమ్మిది మంచుల కారు

ఒస్మో రాజాలా అనే మెకానిక్ షెడ్డుకి కారు చూపించడానికి వెళ్లేవాళ్లు రబ్బరు బూట్లు వేసుకుని వెళతారు. థండర్ బే ఊళ్లో ఇది చంటిపిల్లలకి కూడా తెలుసు. ఆయన లిఫ్టు మీద కారు మనిషెత్తు లేవగానే, అది ఇన్నాళ్లూ మోసిన వాతావరణమంతా కిందికి రాలుతుంది. ముందు నిన్నటి వాన, తర్వాత పోయినేటి మంచు, అలా వెనక్కి వెనక్కి, కొన్న రోజుదాకా. ఒస్మో ఆ తడిలోనే నిలబడి బ్రేకు పైపులు తడుముతాడు, చిన్న సుత్తితో ఛాసీ మీద కొట్టి చెవి పెడతాడు. రాలిందంతా గచ్చు మధ్య జల్లెడ మూతలోంచి మురుగులోకి పోతుంది. జూలైలో అయితే వీధి పిల్లలు పాత జనవరిల కోసం తలుపు దగ్గర కాపు కాస్తారు.

ఆ అక్టోబరులో నదీన్ బెలాంజే కొనడానికి చూసిన పాత కార్లు పదకొండు. లిఫ్టు దాకా వచ్చినవి రెండు. మొదటిదాంట్లోంచి ఏటి బురదా, బతికున్న చేపపిల్లలు మూడూ పడ్డాయి. "వరదలో మునిగిన బండి," అన్నాడు ఒస్మో, చేపల్ని బకెట్లో వేస్తూ. రెండోదాంట్లోంచి ఏమీ రాలలేదు. అదే అనుమానం. ఒస్మో సుత్తితో ఒక్కసారి తట్టాడు, సుత్తి తుప్పులోకి దిగిపోయింది.

ఆమెకి వ్యవధి లేదు. నవంబరు మొదటి శనివారం పొద్దున్న ఏడింటికల్లా ష్రైబర్ ఊళ్లోని ఐస్ హాకీ మైదానంలో ఉండాలి. రెండువందల కిలోమీటర్ల దారి, మధ్యలో ఇంకో మూడు మైదానాలు, స్కేట్లకి పదును పెట్టేవాడు ఒక్కడూ లేడు. ఇరవై మూడేళ్ల నదీన్ ఆ లెక్కని వేసవిలోనే కనిపెట్టింది. నాలుగు ఊళ్లలో పిల్లలెందరో, ఒక్కొక్కరి స్కేట్లు ఎన్ని వారాలకి మొద్దుబారతాయో కాగితం లేకుండా చెప్పగలదు. సానపట్టే మిషను కొనుక్కుంది కూడా. అది అరవై రెండు కిలోలు. బస్సువాడు దాన్ని చూసి తలుపు మూసేసుకున్నాడు. ష్రైబర్ మైదానం మేనేజరమ్మ మాత్రం ఫోన్లో తేల్చి చెప్పింది: "మొదటి శనివారం నువ్వు రాకపోతే ఇంకొకరు వస్తారమ్మా. పిల్లలు ఆడకుండా కూర్చోరు కదా."

ఇవాళ మంగళవారం. పన్నెండో కారు నీలం రంగు వ్యాగన్, వెనకంతా ఖాళీ, మిషనుకి కొలిచినట్టు చోటు. అమ్మేది డంకన్ ప్రౌస్ అనే పెద్దాయన, గనుల క్యాంపుల్లో వంటచేసి రిటైరైనవాడు. కారు తనే తోలుకొచ్చాడు. బూట్లు తనవే తెచ్చుకున్నాడు.

"పదేళ్ల బండి," అన్నాడు. "కొత్తగా ఉన్నప్పుడే కొన్నాను. పది చలికాలాలూ ఈ ఊళ్లోనే. ఏటా చలి మొదలయ్యే ముందు తుప్పు పట్టకుండా అడుగున నూనె కొట్టించాను. చూసుకో తల్లీ, దాచుకోడానికి ఏముంది?"

"చూడ్డానికే కదండీ వచ్చింది," అంది నదీన్, గోడమీద సుద్దముక్క అందుకుంటూ.

"ఈ పిల్ల అన్నీ లెక్కపెడుతుంది డంకన్," అన్నాడు ఒస్మో. "మొన్న నా గోడమీద మేకులు కూడా లెక్కపెట్టింది. జాగ్రత్త."

"ఎన్ని?"

"నూట పద్దెనిమిది," అన్నారిద్దరూ ఒకేసారి.

ఒస్మో మీట నొక్కాడు. వ్యాగన్ మూలుగుతూ లేచింది. ముందు భాగంలో, చలికి ఇంజను బిగుసుకోకుండా రాత్రుళ్లు కరెంటుకి తగిలించే తీగ, చుట్ట చుట్టి ముడివేసి, వేలాడుతోంది. ఊళ్లో ప్రతి కారుకీ ఉంటుంది ఆ తీగ. దాన్ని పీకడం మర్చిపోయి ఇంటి గోడమీది ప్లగ్గుని లాక్కుపోనివాడు ఆ ఊళ్లో అరుదు.

మొదట సన్నటి తుంపర. తర్వాత వేసవి: పైన్ పుప్పొడి, దోమల రెక్కలు, ఒక ఉరుము. ఆ వెనకే మంచు దబదబా పడింది. నదీన్ గోడమీద గీత గీసింది. ఒకటి. మళ్లీ వేసవి, మళ్లీ మంచు. రెండు. ప్రౌస్ స్టూలు మీద కూర్చుని, ఎదుటి బేకరీ నుంచి తెచ్చిన గులాబీ పూత బన్ను తింటున్నాడు. "ఇది నాకు గుర్తుంది," అన్నాడు మూడో మంచుకి. "ఈ ఏడే లోర్నా పోయింది." లోర్నా ఆయన భార్య. ఒస్మో టోపీ తీసి, ఆ మంచు పడటం అయిపోయేదాకా అలాగే నిలబడ్డాడు. ఆ తర్వాత మళ్లీ సుత్తి అందుకున్నాడు.

"ఛాసీ గట్టిది," అన్నాడు కారు కిందినుంచి. "వెనక చక్రాల రబ్బరు బుష్షులు మార్చాలి. బ్రేకులు బాగున్నాయి."

నదీన్ గుండె తేలికపడింది. నాలుగు. ఐదు. సుద్దముక్క ఎత్తి ఆరో గీతకి సిద్ధంగా పెట్టుకుంది.

ఆరో మంచు పడలేదు.

పడింది వాన. గోరువెచ్చటి వాన. ఒస్మో అరచెయ్యి పట్టి, వాసన చూసి, నాలిక కొసతో తాకాడు. "ఉప్పు," అన్నాడు. "మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పు కాదు." వాన వెనక సన్నటి తెల్ల ఇసుక జారింది. ఇసుకతోపాటు చిన్న గవ్వలు గచ్చుమీద టిక్కుటిక్కుమన్నాయి. షెడ్డంతా సముద్రం వాసన.

అది కాగానే మళ్లీ మామూలే. మంచు మీద మంచు. చివరికి కంపెనీ నుంచి వచ్చిన రోజటి ఎండ ఒక పలక లాగా కిందపడి ఆరిపోయింది. నదీన్ గీతలు చూసింది.

"ప్రౌస్ గారూ, పది చలికాలాలన్నారు. మంచు తొమ్మిదే."

ప్రౌస్ తినడం ఆపాడు. బన్ను చేతిలో అలాగే ఉంది.

"వెనక్కి లెక్కపెడితే ఆరో చలికాలం ఈ బండి ఈ ఊళ్లో లేదు. ఎవరికి ఇచ్చారు? అద్దెకి తిప్పారా? ఎక్కడైనా గుద్దుకుందా? నాకు చెప్పాలి మీరు. శనివారం నేను దీన్ని నమ్మి రోడ్డెక్కాలి."

"ఎవరికీ ఇవ్వలేదు," అన్నాడాయన. "ఆ చలికాలం నేను ఉత్తరాన వజ్రాల గని క్యాంపులో ఉన్నాను. నవంబరు నుంచి మార్చి దాకా. బండి ఇంటిదగ్గర, లోర్నాతో."

"మరి ఆవిడ..."

"ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. వాకిట్లో ఎన్ని అంగుళాల మంచు పడిందో చెప్పేది. తవ్వలేక నడుం పడిపోయిందనేది." ఆయన లేచి వేలాడుతున్న తీగ దగ్గరికి వెళ్లాడు. "నేను ఎడమచేతివాణ్ణి. నా ముడి ఇటు తిరుగుతుంది. తిరిగొచ్చేసరికి ముడి కుడిచేతివాళ్లు వేసినట్టు అటు తిరిగి ఉంది. కిలోమీటర్లు చూశాను. ఏడువేల రెండువందలు పెరిగాయి."

"అడగలేదా?" అన్నాడు ఒస్మో.

"అడిగితే ఏం వినాల్సి వస్తుందో అని అడగలేదు. ఎవడితో తిరిగిందో అనుకున్నాను. ఆ తర్వాత ముప్ఫై నెలలు ఒకే బల్ల దగ్గర అన్నం తిన్నాం. ఆమె పోయింది. నేను ఆ ముడి సంగతే ఆలోచిస్తూ ఉన్నాను. బండి ఊళ్లోనే ఉందని అందరికీ చెప్పాను. అమ్మాయ్, నువ్వు బండిని ఒస్మో దగ్గరికి తీసుకెళదామన్నప్పుడు ఎందుకు ఒప్పుకున్నానో నాకే తెలీదు."

నదీన్ కళ్లు మూసి తెరిచింది. "దక్షిణాన సముద్రం ఇక్కడికి రెండువేల ఆరువందలు. పోనూ రానూ ఐదువేల రెండువందలు. మిగతా రెండువేలు ఒడ్డు వెంబడి తిరిగి ఉంటారు." ఆగి అంది, "ముందు సీటు కిందినుంచి ఒక్క వైపే ఇసుక పడింది. నేను చూశాను. డ్రైవరు వైపు. పక్క సీటు వైపు ఒక్క రేణువు లేదు."

ప్రౌస్ వంగి, జల్లెడ మూత మీద చిక్కుకున్న గవ్వల్ని ఒక్కొక్కటే ఏరాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. భుజాలు అదిరేట్టు నవ్వాడు. "అంగుళాలతో సహా చెప్పేది! పద్నాలుగున్నర అనేది! సముద్రం పక్కన కూర్చుని ఇక్కడి పేపరు తెప్పించుకునేదేమో దొంగముండ!" కళ్లు తుడుచుకున్నాడు. "పెళ్లయిన రోజునుంచీ సముద్రం చూపించమనేది. ఇదుగో అదుగో అన్నాను ముప్ఫై ఎనిమిదేళ్లు."

ఆ తర్వాత ఆయన అన్న మాట నదీన్‌కి ముందే తెలిసిపోయింది.

"అమ్మాయ్, ఈ బండి అమ్మను."

నదీన్ సుద్దముక్క గూట్లో పెట్టింది. పన్నెండు కార్లు. నాలుగు రోజులు. అడుగు తీసి అడుగేస్తే బూటులో సముద్రం నీళ్లు చప్పుడు చేశాయి.

"ఆ మొహం ఏమిటి?" అన్నాడు ప్రౌస్. "అమ్మనన్నాను, నడపనన్నానా? ఆ మిషను ఎంత బరువన్నావు?"

"అరవై రెండు."

"క్యాంపులో అంతకంటే బరువు గంజి దేకిసాలు మోశాను. శనివారం ఎన్నింటికి బయల్దేరాలి?"

"నాలుగున్నరకి. కానీ మీరెందుకు... ఎన్ని శనివారాలు?"

"లెక్క నువ్వు చెప్పు."

"ఇరవై రెండు," అంది నదీన్.

"ముందు ఆ బుష్షులు మార్చనివ్వండి ఇద్దరూ," అన్నాడు ఒస్మో.

ఇరవై రెండు శనివారాలూ ఆయన వచ్చాడు. ఆమె సానపడుతుంటే ఆయన మైదానం వంటగదిలో దూరి పిల్లలకి బఠానీ సూపు పెట్టేవాడు. పదో వారానికి వాళ్ల కోసం ఐదో ఊరు ఫోన్ చేసింది. మార్చి చివర ఆటలు ముగిశాక, ఒక ఉదయం ప్రౌస్ వ్యాగన్ నదీన్ వాకిట్లో ఆపి దిగాడు. వెనక మిషను ఉండే చోట ఒక మడత కుర్చీ ఉంది.

"ఈ తీగ ముడి నువ్వు వెయ్యి," అన్నాడు. "నువ్వు కుడిచేతిదానివి."

ఆమె చుట్ట చుట్టి ముడి వేసింది. అది అటు తిరిగింది. ఆయన ఒకసారి వేలితో తాకి చూసుకుని బండెక్కాడు.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. నదీన్ అప్పుడే మంచు తవ్వే పార బయట వదిలి లోపలికొచ్చింది.

"ఇక్కడ ఒకటే మంచు," అన్నాడు ప్రౌస్. "వాకిట్లో పద్నాలుగు అంగుళాలు. తవ్వలేక నడుం పడిపోయింది."

ఆయన గొంతు వెనక ఏదో పెద్దగా ఒడ్డుకొచ్చి, వెనక్కి జారుకుంటోంది. నదీన్ కాసేపు దాన్నే వింది.

"పదమూడున్నర," అంది. "చెప్పేటప్పుడు సరిగ్గా చెప్పండి. ఆవిడ పేపరు చూసి చెప్పేది."