పాతది ముందు, కొత్తది వెనక

హెడ్లీ బజెల్‌కి రబ్బరు బూట్లు ఎక్కడం లేదు.

ఓస్, ఇంతేనా అనేవాళ్ళు రాగెడ్ కోవ్‌లో ఎవరూ లేరు. న్యూఫౌండ్‌లాండ్ ఒడ్డున బూట్లెక్కనివాడు పడవెక్కలేడు. పడవెక్కనివాడు కిటికీ దగ్గర కూర్చుని ఎదుటివాళ్ళ పడవల్ని చూస్తూ బతకాలి. అది హెడ్లీ వల్ల అయ్యే పని కాదు. కానీ పాదాలు రొట్టెపిండిలా పొంగిపోయాయి. వేలితో నొక్కితే గుంట పడుతోంది, ఆ గుంట తీరిగ్గా పూడుతోంది. గుండె రక్తాన్ని సరిగ్గా తోడలేకపోతోందనీ, అందుకే కాళ్ళకి నీరు దిగుతోందనీ క్లినిక్‌లో నర్సు గ్లెండా చెప్పింది. ఒంట్లో నీటిని బయటికి లాగే నీళ్ళమాత్ర రాసింది. తగ్గలేదు. మోతాదు పెంచింది. అయినా తగ్గలేదు. ఇప్పుడు ఇంకా పెద్దది రాసి చేతులు కట్టుకుని నిలబడింది.

"ఈ వాపు తీసేదాకా పడవ మాటెత్తకు స్కిప్పర్. నడిసముద్రంలో నీకేమైనా అయితే నేనొచ్చి మోసుకురాలేను."

ఊళ్ళోవాళ్ళు ఇంటికూరకి కాడ్ చేప పట్టుకోవచ్చని సర్కారువారు దయతలిచే రోజులు దగ్గరపడుతున్నాయి. ఆ మొదటిరోజు తెల్లవారేసరికి హెడ్లీ పడవ రేవు మొనదాటి ఉండాల్సిందే. ఊహ తెలిసినప్పటినుంచీ అది తప్పలేదు. ఈ ఏడు ఒడ్డున కూర్చుంటే మరి లేచేది లేదని అతనికి లోపల్లోపల భయం పట్టుకుంది. భయమేసినప్పుడల్లా మాత్రల్ని తిట్టేవాడు.

"సుద్దముక్కలు! పట్నంవాళ్ళు మనకి సుద్ద చుట్టి అమ్ముతున్నారు."

"అసలు మింగుతున్నావా, పిల్లికేస్తున్నావా?" అంది పెళ్ళాం ఎఫీ, అల్లుతున్న మేజోడులోంచి తలెత్తకుండా.

"ఒక్కపూట తప్పలేదు. నీమీదొట్టు."

"నామీదెందుకయ్యా, నీ పడవమీద ఒట్టెయ్యి, అప్పుడు నమ్ముతా."

పడవమీదే ఒట్టేశాడు. అబద్ధమేం కాదు. రోజూ పొద్దున్నే నేలకొట్టుకి వెళ్ళి, మాత్ర తీసుకుని, చెంబెడు నీళ్ళతో మింగి వచ్చేవాడు.

నేలకొట్టంటే ఇంటివెనక దిబ్బలోకి తొలిచి, పైన గడ్డి పెరగనిచ్చిన రాతిగది. దుంపలూ జామూ ఉప్పుచేపా అందులోనే. ఒకప్పుడు రేవు గడ్డకట్టి, దారి మూసుకుపోయిందంటే వసంతందాకా ఏ పడవా వచ్చేది కాదు. ఆ చలికాలంలో కొట్టు ఖాళీ అయిన కొంపని ఊరంతా జాలిగా చూసేది. అలా జాలిపడే చూపుకన్నా ఆకలే నయం. అందుకని ఇక్కడ ఎవరూ, ఏదిచ్చినా, 'చాలు' అనరు. ఆ మాట నోట్లో తిరగదు. ఇచ్చింది పుచ్చుకుని లోపల సర్దేయడమే. రోడ్డొచ్చి ఎన్నేళ్ళయినా ఆ బుద్ధి పోలేదు, పోదు కూడా.

ఊరి మందులషాపు పెట్టింది జీటా పార్డీ. వలలు బాగుచేసే పార్డీగారి కూతురు. పట్నంలో చదువుకుని తిరిగొచ్చి, చేపల వర్తకుడి పాత కొట్టు దులిపి షాపు తెరిచినప్పుడు హెడ్లీ తన కూతురే గెలిచినట్టు రేవంతా చెప్పుకు తిరిగాడు. పిల్ల బంగారమే, కానీ ఒక పాడలవాటు ఉంది. మందుల సంచీ ఊరికే చేతికివ్వదు. బల్లమీద విప్పి, ఒక్కో సీసా చూపించి, "ఇంట్లో ఎంతుంది?" అని అడుగుతుంది. అదేం ప్రశ్న? నీ కొట్టులో ఏముందో, ఏం లేదో చెప్పమని నలుగురిలో అడగడమే కదా! మర్యాద తెలిసినవాళ్ళు అడిగే మాటేనా అది? అందరూ ఏదో ఒకటి గొణిగి, సంచీ లాక్కుని పోయేవాళ్ళు.

ఆరోజు గ్లెండా కొత్తగా రాసిన పెద్ద మోతాదు కోసం హెడ్లీ ఇంట్లో తొడుక్కునే చెప్పులతో, ఈడ్చుకుంటూ షాపుకొచ్చాడు. జీటా కంప్యూటర్ చూసింది. అతని పాదాలు చూసింది. కదల్లేదు.

"బాబాయ్, ఇది నీకివ్వను."

"ఏంటీ?"

"ఒకసారి పెంచినా పనిచెయ్యలేదంటే మళ్ళీ పెంచడం కాదు, ఎందుకు పనిచెయ్యట్లేదో చూడాలి. మందులెక్కడ పెడతావు?"

"ఎక్కడ పెడతారు? నేలకొట్టులో."

"ఒకసారి చూపిస్తావా?"

మందులకోసం వెనక నిలబడ్డ ఊరావిడ మర్టిల్ బుగ్గన చెయ్యేసుకుంది. హెడ్లీ చెవులు ఎర్రబడ్డాయి.

"నా కొట్టా? నువ్వా? మీ నాన్నకి కూడా చూపించలేదు నా కొట్టు! నా దగ్గరేం తక్కువైందని నీ అనుమానం?"

"తక్కువని కాదు బాబాయ్, ఎక్కువుందేమోనని."

ఒంటికాలిమీద లేచి వచ్చేశాడు. ఇంటికొచ్చి ఎఫీ ముందు చిందులు తొక్కాడు. ఎఫీ అంతా విని, మేజోడు పక్కన పెట్టింది.

"పిల్ల వచ్చి చూస్తే నీ దుంపలు అరిగిపోతాయా? అవి సుద్దని అదే తేల్చేస్తే నువ్వే గెలిచావు. లేదూ, ఈ జూలైలో నా పక్కన కూర్చుని ఊలు పట్టుకుంటానంటావా, పట్టుకో. నాకూ చేతిసాయం కావాలి."

ఆ ఊలు మాట గుచ్చుకుంది. మర్నాడు జీటాకి కబురంపాడు.

కొట్టు తలుపు తీశాక మాత్రం మనిషి మారిపోయాడు. లైటు పట్టుకుని ఒక్కో అలమరా చూపించాడు. సీసాల్లో పెట్టిన మూస్ దుప్పి మాంసం, ఎర్రపళ్ళ జాము, ఉప్పుచేప పీపా, ఇసకలో పాతిన క్యారెట్లు. గర్వంగానే చూపించాడు, ఎందుకు చూపించకూడదు? చివరి అలమరాలో మందులు. తెల్లమూతల సీసాలు, పేర్లు ఇటుతిరిగి, వరసలు వరసలుగా.

"నా షాపులో కూడా ఇంత శుభ్రంగా ఉండవు బాబాయ్" అంది జీటా. పొగడ్త కాదు, నిజంగానే అంది. "ఇన్నెలా వచ్చాయి?"

"ఆస్పత్రినుంచి కొన్ని. గ్లెండా మందు మార్చినప్పుడల్లా కొన్ని. ఆ ఫోనులో మరమనిషి 'మీ మందు సిద్ధం' అంటుంది చూడు, అన్నప్పుడల్లా తెచ్చేస్తా."

"ఇప్పుడు వేసుకుంటున్నదేది?"

"ఇదిగో, ముందున్నది." అంత తేలిక సంగతి అడిగినందుకు నవ్వొచ్చింది అతనికి. "పాతది ముందు, కొత్తది వెనక. దుంపైనా, జామైనా, మాత్రైనా. పాతది అవగొట్టకుండా కొత్తది ముట్టుకుంటే పాడైపోదూ?"

జీటా ఆ సీసా లైటుకిందకి తెచ్చింది. మూత తీసింది. మాత్రలు చెమ్మకి పసుపుతిరిగి, అంచులు రాలుతున్నాయి. ఆమె దుంపలపెట్టెమీద కూలబడింది.

"బాబాయ్, ఇది గ్లెండా మొట్టమొదట రాసిన మాత్ర. చిన్నది. పెంచింది ఆ వెనక ఉంది. దాని మూతే తియ్యలేదు నువ్వు."

"మాత్ర మాత్రే కదే?"

"చిన్నచేప గాలమేసి కాడ్‌ని పట్టగలవా?"

హెడ్లీ వెనకనున్న సీసా తీసి మూత తడిమి చూశాడు.

"నువ్వు వేసుకుంటున్నావని గ్లెండా పెంచుతూ పోయింది. నువ్వు సర్దుతూ పోయావు. నెలనెలా తీసుకెళ్తున్నావు కాబట్టి నా కంప్యూటర్‌లో నువ్వు బుద్ధిమంతుడివి. నిన్న నేనూ కళ్ళు మూసుకుని ఆ పెద్దది ఇచ్చేసుంటే, ఏదో ఒకరోజు నీ వరస దానిదాకా వచ్చేది. ఒంట్లో నీరంతా ఒక్కసారి లాగేసి, పడవలోనే కళ్ళు తిరిగి పడేవాడివి."

హెడ్లీ చేతిలో ఉన్న సీసా కింద పెట్టేశాడు. అలమరావైపు చెయ్యి చూపించి, "మరి వీటిని మర్టిల్‌కో ఎవరికో ఇచ్చెయ్యి. మూతలు కూడా తియ్యనివి బోలెడున్నాయి" అన్నాడు.

"కుదరదు బాబాయ్. కాల్చడానికి పంపాలి."

"కాల్చడమా!"

"నా గుమ్మం దాటిన మందు ఇంకొకరికి ఇవ్వకూడదు. ఎక్కడున్నదో, ఏ చెమ్మ తగిలిందో నాకేం తెలుసు? నా బల్ల ఇవతల ఉన్నంతసేపే అది అందరి మందు. దాటిందంటే, నువ్వు మింగకపోతే బూడిదే. అందుకే సంచీ విప్పి అడిగేది. మీకేమో అది తిట్టులా వినబడుతోంది."

హెడ్లీది కాడ్ తలకాయ దగ్గర్నుంచి నాలుకదాకా వండుకుతినే ఇల్లు. చిరిగిన వలతో కోళ్ళదొడ్డి కట్టినవాడు. ఎవరో రోగికి పనికొచ్చే మందంతా తెచ్చి దుంపల పక్కన కుళ్ళబెట్టింది తనేనని తెలిశాక సిగ్గుతో తలొంచుకుని, సీసాలన్నీ తనే తీసి పెట్టెలో పెట్టి, తనే షాపుదాకా మోశాడు. చెప్పులు ఈడ్చుకుంటూ అందరి కిటికీలముందునుంచీ వెళ్ళాడు. జీటా ఎంత అడిగినా ఆ పెట్టె ఇవ్వలేదు.

గ్లెండాతో జీటా ఫోనులో మాట్లాడింది. పెద్దది కొట్టేయించి, మధ్యరకమే కొత్తగా మొదలుపెట్టించింది. వంటింట్లో పొడిగా ఉండే అలమరాలో, ఒకే ఒక్క సీసా.

తర్వాత సంగతి ఎఫీ చెప్పాలి. "పొద్దస్తమానం బాత్‌రూమ్‌కే. నా మొగుడు కాపురం అక్కడికి మార్చాడు" అని ఊరంతా చాటింది. కానీ ఒకరోజు పొద్దున్న వంటింట్లో దబ్బుమని చప్పుడైతే పరుగెత్తుకొచ్చింది. హెడ్లీ నేలమీద కూర్చుని రెండు బూట్లూ తొడుక్కుని, కాళ్ళు చాపి చూసుకుంటున్నాడు. ఎఫీ కొంగుకోసం వెతుక్కునే మనిషి కాదు, మేజోడుతోనే కళ్ళు తుడుచుకుంది.

గ్లెండా కాళ్ళు నొక్కి చూసి సరేనంది. మొదటిరోజు తెల్లవారేసరికి పడవ మొనదాటింది.

ఆ సాయంత్రం షాపు కిటకిటలాడుతుంటే హెడ్లీ బకెట్టు పట్టుకుని బూట్లు టకటకలాడిస్తూ వచ్చాడు. పొద్దున మరమనిషి ఫోను చేసింది కదా, అతని సంచీ సిద్ధంగా ఉంది. జీటా అలవాటుగా విప్పింది. అడగడానికి ఒక్కక్షణం తటపటాయించింది, జనంముందు. అయినా అడిగింది.

"ఇంట్లో ఎంతుంది బాబాయ్?"

"ఉంది" అన్నాడు హెడ్లీ, రేవు అవతలికి వినబడేలా. "చాలు."

షాపులో అందరూ తిరిగి చూశారు. బజెల్ ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ అనని మాట అది. అతను సీసాని బల్లమీద ఒక వేలితో వెనక్కి నెట్టాడు.

"పెట్టెయ్యి షెల్ఫులో. ఎవరికి కావాలో వాళ్ళకియ్యి. అయ్యాక నేనే వస్తా, ఆ మరమనిషిని నాకు ఫోను చెయ్యొద్దను. ఏం, అందరూ అలా చూస్తారేం? నా కొట్టు నిండుగానే ఉంది!"

జీటా ఆ సీసాని షెల్ఫులో పెట్టింది. ఎంత పెద్ద చదువు చదివినా తను ఊరిచేత అనిపించలేని మాటని ఈ ముసలాయన నలుగురిలో తలెత్తుకుని అన్నాడు. తన బాబాయ్ అని ఆ క్షణాన ఆమెకి పట్టలేనంత గర్వమేసింది. వెనక మర్టిల్ తన సంచీలోకి తొంగిచూసి, గొణుగుతూ ఒక నొప్పిమాత్రల డబ్బా తీసి బల్లమీద పెట్టింది.

"ఇది నాకూ ఉందేమోలే."

హెడ్లీ బకెట్టు ఎత్తి బల్లమీద దబ్బున పెట్టాడు. నిండా కాడ్, తళతళలాడుతూ. "ఇదంతా నీకే."

జీటా రెండు చేపలు తీసుకుని బకెట్టు అతనివైపే తోసింది.

"చాలు బాబాయ్. ఇంట్లో ఉంది."

ఇచ్చిన చేప వద్దంటే ఆ రేవులో మాటలాగిపోతాయి. హెడ్లీ కనుబొమలు లేచాయి, గడ్డం ముందుకొచ్చింది, తిట్టు నాలుకచివరికొచ్చింది. అక్కడే ఆగింది. అతను ఆ పిల్లవంకా, ఆ రెండు చేపలవంకా చూసి, పడీపడీ నవ్వాడు.

"నా గాలం నాకే వేశావు కదే!"

బకెట్టు భుజానికెత్తుకుని, మిగిలినవి గ్లెండాకిస్తాననీ, బూట్లు ఆవిడ కూడా చూడాలి కదా అనీ చెప్పి, క్లినిక్ గట్టువైపు నడిచాడు.