మిడత ఇచ్చిన బలం బిళ్ళ

ఆ పిల్లకి మిడత అని పేరు పెట్టింది ఎవరో ఎవరికీ గుర్తులేదు గానీ, పేరు మాత్రం అతికినట్టు సరిపోయింది. మెట్లు దిగడం తెలియదు, దూకడమే తెలుసు. వాళ్ళమ్మ బస్సులకీ ఆటోలకీ సీట్లు కుట్టే కొట్టు నడుపుతుంది. కొట్టు వెనక గదిలోనే కాపురం. రెగ్జిన్ వాసన, జిగురు వాసన, ఎక్కడ చూసినా స్పాంజి ముక్కలు. వాటి మీద దొర్లుతూ పెరిగిన పిల్ల ఎగరక ఏం చేస్తుంది?

రోజూ సాయంత్రం షట్టర్ సగం దించాక అమ్మా కూతురూ పక్కపక్కన కూర్చుని చెరో బిళ్ళ వేసుకుంటారు. ఇదేం బిళ్ళ అని చిన్నప్పుడెప్పుడో అడిగితే, "బలానికి" అంది అమ్మ. ఎవరికీ చెప్పొద్దని కూడా అంది. పెద్దవాళ్ళతో వచ్చిన చిక్కే ఇది. అప్పటికి గండం గడిచేలా ఏదో ఒకటి చెప్పేసి మరిచిపోతారు. పిల్లలు దాన్నే పట్టుకుని కూర్చుంటారు.

మిడత నమ్మింది. బడిలో తనని పరుగులో కొట్టేవాళ్ళు లేరాయె. అదంతా బిళ్ళ మహిమేనని గట్టిగా అనుకుంది.

ఇక ఆమె ప్రాణ స్నేహితురాలి పేరు నత్త. వీధి చివర బేకరీ వాళ్ళ అమ్మాయి. మంచి పిల్లే, కాకపోతే పరుగంటే కాళ్ళు తడబడతాయి. బడి ఆటల పోటీకి ఇద్దరూ ఒకే జట్టులో పడ్డారు. నత్త వల్ల ఓడిపోతామని మిగతావాళ్ళు మొహం మీదే అనేశారు. పాపం నత్త కొళాయిల వెనక కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. "నేను మానేస్తానే" అంది.

మిడత అది చూడలేకపోయింది. ఆ సాయంత్రం బిళ్ళ నోట్లో వేసుకున్నట్టు నటించి, పిడికిట్లో దాచేసింది. పొద్దున బడిలో నత్త చేతిలో పెట్టింది.

"మింగెయ్. బలం వస్తుంది. ఎవరికీ చెప్పకు."

నత్త మింగింది. ఆ రోజు సాధనలో, మీరు నమ్మండి నమ్మకపోండి, ఇద్దర్ని దాటి పరిగెత్తింది. బిళ్ళ చేసిన పని కాదని మనకి తెలుసు. దానికి తెలియదు కదా. ఆ సంబరంలో ఇంటికి పోయి, అప్పుడే పొయ్యిలోంచి తీసిన బన్నులు ఊపిరి తీసుకోకుండా తినేసి, అన్నీ కక్కేసుకుంది. ఏం తిన్నావే అని తల్లి నిలదీసింది. నత్త నోట్లో నువ్వుగింజ నానదు.

కాసేపటికి బేకరీ ఆమె చేతులకి మైదాపిండితోనే సీట్ల కొట్టుకి పరిగెత్తుకొచ్చింది.

"వదినా, మీ పిల్ల మా దానికేదో బిళ్ళ ఇచ్చిందట. అదేం బిళ్ళండీ?"

కుట్టుమిషన్ ఆగిపోయింది.

"బలం బిళ్ళే అత్తా" అంది మిడత ధీమాగా.

అమ్మ వెంటనే ఆసుపత్రి నర్సమ్మకి ఫోన్ చేసింది. ఒక్క బిళ్ళతో ఏమీ కాదని, కాసిని నీళ్ళు తాగించమని, వాంతులు ఆగకపోతే తీసుకురమ్మని నర్సమ్మ చెప్పింది. బేకరీ ఆమె హమ్మయ్య అనుకుంది. అంతలోనే మళ్ళీ అడిగింది. "ఆసుపత్రి వాళ్ళిచ్చే బిళ్ళా? దేనికి వదినా?"

అడకత్తెరలో పోకచెక్కయింది అమ్మ పరిస్థితి. విటమిన్ అనేస్తే పోయేది. ఇన్నాళ్ళూ అదే చేసింది మరి. కానీ ఆ చిన్న అబద్ధం ఇవాళ వేరేవాళ్ళ పిల్ల కడుపులోకి పోయింది.

"చెప్తాను వదినా. కానీ ముందు దీనికి చెప్పాలి."

సగం కుట్టిన సీటు మీద మిడతని కూర్చోబెట్టుకుంది.

"అవి బలానికి కాదమ్మా. మనిద్దరి ఒంట్లో హెచ్.ఐ.వి. అనే వైరస్ ఉంది. వదిలేస్తే ఎయిడ్స్ దాకా తీసుకెళ్తుంది. రోజూ మందు వేసుకుంటే నోరు మూసుకుని పడుంటుంది. నువ్వు పుట్టినప్పుడు నా నుంచే నీకొచ్చింది. అప్పటికి నాకు తెలియదురా."

"నాకెక్కడా నొప్పి లేదే."

"మందు వేసుకుంటున్నావు కాబట్టే."

"చచ్చిపోతానా?"

"మందు మానకపోతే ముసలిదానివై, పళ్ళూడి, మనవల్ని తిట్టేదాకా ఉంటావు."

మిడత తల దించుకుంది. "నిన్న వేసుకోలేదమ్మా. నా బిళ్ళే దానికిచ్చాను."

అమ్మ దాని తల నిమిరింది. తర్వాత బేకరీ ఆమె వైపు తిరిగి, "కలిసి తిన్నా, ఆడుకున్నా, ముట్టుకున్నా ఇది అంటుకోదు వదినా" అంది. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. పిల్ల దగ్గర ఎవరూ లేరని గొణిగి వెళ్ళిపోయింది.

"రేపు అది నాతో మాట్లాడుతుందా?" అని అడిగింది మిడత. తెలియదంది అమ్మ. ఈసారి మాత్రం ఉన్నమాటే చెప్పింది.

మర్నాడు నత్త బడికి రాలేదు. సాధనలో మిడత అందరికంటే వెనక మిగిలింది. జబ్బు సంగతి ఆ పిల్ల అప్పటికే సగం మరిచిపోయింది. స్నేహితురాలు పోయిందన్న బెంగే పుట్టెడు పట్టుకుంది.

సాయంత్రం సగం దించిన షట్టర్ కింద నుంచి ఎవరో దూరారు. నత్త. వెనకే వాళ్ళమ్మ. నత్త మొహం కందగడ్డలా ఉంది.

"నిన్న భయమేసి మాట్లాడకుండా వెళ్ళిపోయాను వదినా" అంది బేకరీ ఆమె. "పొద్దున దీన్ని తీసుకుని ఆ నర్సమ్మ దగ్గరికే వెళ్ళాను. అడగాల్సినవన్నీ అడిగాను. మీ సంగతి మా గడప దాటదు. దీని నోటికి పూచీ నాది."

నత్తకి ఆ మాటలేవీ పట్టలేదు. నేరుగా మిడత ముందుకొచ్చి నిలబడింది.

"నీ మందు నాకిచ్చి నువ్వు మానేస్తావా? బుద్ధుందా నీకు? నేను ఆఖర్న వస్తే ఏమవుతుందే, నవ్వుతారు, అంతేగా. నీకేమన్నా అయితే నేనెవరితో ఆడుకోవాలి?"

అంటూనే బావురుమంది. మిడతా ఏడ్చేసింది. నిన్నటి నుంచి రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. అమ్మ మందు డబ్బా తీస్తుంటే నత్త ముక్కు తుడుచుకుని స్పాంజి మీద చతికిలబడింది.

"నా ఎదురుగా వేసుకో."

మిడత మింగింది.

"నోరు తెరు. నాలుక ఎత్తు. ఇంకొంచెం ఎత్తవే, కనపడట్లేదు."