పదమూడో గడి

రాసిన వరుసను మూడోసారి కూడా చదివి, అప్పుడు ఎంటర్ నొక్కాడు మాస్టారు. ఏది రాసినా మూడుసార్లు చూస్తే గానీ వదలడని ఆసుపత్రిలో అందరూ ఆయన్ని ‘మూడుసార్ల మాస్టారు’ అంటారు. వంగిన మెడ, ముక్కు చివరికి జారిన కళ్ళద్దాలు. మెట్ల కింది గదిలో ప్రోగ్రాములు రాస్తూ ఇరవై ఆరేళ్ళు గడిపేశాడు. ఆ రోజుతో ఉద్యోగం సరి. నాలుగింటికి పై హాల్లో వీడ్కోలు సభ.

మూడింటికి ఒక పెద్దావిడ ఫోను పట్టుకుని గదిలోకే వచ్చేసింది. తెరమీద ఆసుపత్రి అపాయింట్‌మెంట్ పేజీ.

“మా ఆయన నడవలేడు, చక్రాల కుర్చీ కావాలని ఇందులో రాశాను బాబూ. నాలుగుసార్లు వచ్చాం. నాలుగుసార్లూ ఆ మనిషిని నేనే మోసినంత పనైంది. కౌంటర్లో అడిగితే మాకేమీ రాలేదంటారు. నేను అబద్ధమాడుతున్నానా?”

“లేదమ్మా, కూర్చోండి.”

ఆవిడ చూస్తుండగానే వెతికాడు. పేజీలో పదమూడు గడులు. నింపి పంపితే పదమూడూ సర్వర్ దాకా వస్తున్నాయి. అక్కడ వాటిని అందుకునే ప్రోగ్రాములో మాత్రం పన్నెండు వరుసలే ఉన్నాయి. ‘ఇంకేమైనా సాయం కావాలా?’ అనే చివరి గడిని తీసుకోమని ఎవరూ చెప్పలేదు, అది తీసుకోలేదు. తీసుకోనిది ఎక్కడా మిగలదు. ప్రోగ్రాము వయసు తొమ్మిదేళ్ళు. రాసింది తనే.

ఈ తొమ్మిదేళ్ళలో ఎవరెవరు ఏమేం అడిగారో తెలుసుకునే దారి కూడా లేదు.

సభకు పిలవడానికి వచ్చిన మేనేజరు సంగతి విని గొంతు తగ్గించాడు. “పోయే రోజున ఎందుకండీ నెత్తిన వేసుకోవడం? సర్వర్ తప్పని చెప్పేద్దాం.”

“పాపం, అదేం చేసిందండీ? పేజీ అడిగింది, ఆవిడ చెప్పింది. విననిది నేను.”

ఆవిడ వైపు తిరిగి, “తప్పు నాదేనమ్మా,” అన్నాడు. ఆవిడ తిట్టడానికే నోరు తెరిచింది. ఆయన అప్పటికే కీబోర్డు మీదికి వంగడం చూసి, “సర్లే నాయనా, ముందు బాగుచెయ్యి,” అంది.

ఒక్క వరుస. ఈసారి ఏడుసార్లు చూశాడు. ఆవిడ చేత మళ్ళీ పంపించాడు. కౌంటర్ నుంచి ఫోను మోగింది: “మాస్టారూ, ఎవరికో కుర్చీ కావాలట!”

తనే తీసుకువెళ్ళాడు. గేటు దగ్గర కూర్చున్న ముసలాయన్ని ఎక్కించుకుని, వచ్చీరాని చేతులతో డాక్టరు గది దాకా తోశాడు.

“మెల్లగా బాబూ! ఈ పని కొత్తా?” అన్నాడు ముసలాయన.

“ఇవాళే మొదలండీ.”

డాక్టరు చూశాక మళ్ళీ గేటు దాకా తోసి, టాక్సీలో కూర్చోబెట్టాడు. వాళ్ళ దారే తన దారి కూడా. పెద్దావిడ పక్కకు జరిగి చోటిస్తే ఎక్కి వెళ్ళిపోయాడు.

పై హాల్లో ఐదున్నర దాకా చూసి అందరూ ఇళ్ళకు పోయారు. బల్ల మీద రంగు కాగితం చుట్టిన గోడ గడియారం, ఎవరో ముందే సెల్లు వేసి ఉంచారు కాబోలు, విప్పకుండానే టిక్కు టిక్కుమంటోంది.