ఖాళీ బండి ఎత్తు

నాలుగో చక్రం విప్పేసరికి యేసురత్నానికి ఒళ్లు మండిపోయింది. పైన మే నెల ఎండ, కింద కాలిన సిమెంటు నేల, ఎదురుగా ఏ జబ్బూ లేని కారు. బాగున్న బండిని విప్పడమంటే అతనికి మహా చిరాకు.

ఆ తెల్ల జెన్ కారు వరికుంటపాడు వైపు మోతుబరి రామనారాయణది. కొని ఆరు నెలలు కాలేదు. మద్రాసులో చదువుతున్న ఆయన కొడుకు పవన్, అక్కడి రేసు కుర్రాళ్లను చూసి మనసు పారేసుకుని, అట్టపెట్టెలో కొత్త స్ప్రింగుల సెట్లు నాలుగు పట్టుకొచ్చాడు. స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒక్కటిగా ఉంటాయి. గొట్టం చుట్టూ బోల్టుకున్నట్టు మరలు, మరల మీద స్ప్రింగును మోసే రింగు. రింగును కిందికి తిప్పితే కారు నేలకు దిగుతుంది. దిగిన కారు మలుపుల్లో నిలకడగా పోతుందట. ఆత్మకూరు నుంచి ఉదయగిరి దాకా అసలు రోడ్డుకే నిలకడ లేదు, ఇక కారు నిలకడగా పోయి ఏం వెలగబెట్టాలో!

యేసురత్నానికి యాభై నాలుగేళ్లు. పొట్టి మనిషి. లారీ గేరుబాక్సులు మోసి మోసి ఎడమ భుజం కిందికి జారింది. కుడి చూపుడువేలికి గోరు లేదు. సీతారామపురం పైన మెట్ట పల్లెలో పుట్టి, వానలు మొహం చాటేస్తే పద్నాలుగో ఏట లారీ క్లీనరుగా దిగి, ఆనాటి నుంచి ఇనుముతోనే కాపురం చేస్తున్నాడు. భార్య రెబెకమ్మ ఉదయగిరిలో కూతురి దగ్గర ఉంటుంది. శనివారం సాయంత్రం బస్సుకు పోయి, ఆదివారం ఆరాధన చూసుకుని, సోమవారం తెల్లారేసరికి మళ్లీ ఆత్మకూరులో తను పనిచేసే మెకానిక్ షెడ్డులో ఉంటాడు. ఇల్లు లేదు, పొలం లేదు. ‘యేసురత్నం బిగిస్తే ఇంక చూసుకోనక్కర్లేదు’ అనే పేరు ఒక్కటే అతను సంపాదించుకున్న ఆస్తి.

పదకొండు గంటలకల్లా నాలుగూ బిగించాడు. ఎత్తు పెట్టే ముందు అతను తప్పకుండా చేసే పని ఒకటుంది. కారులోకి ఇసుక మూటలు ఎక్కిస్తాడు. మనిషికి ఒకటి చొప్పున సీట్లలో ఐదు, డిక్కీలో ఒకటి. ఈ పక్క ఊళ్లలో కారు ఖాళీగా పోవడం ఎవరూ చూడలేదు. పెళ్లికైనా, ఆసుపత్రికైనా ఇంటిల్లిపాదీ ఎక్కి, ఒడిలో ఒకరిని కూర్చోబెట్టుకుని మరీ పోతారు. ఆ బరువుతో కూడా ఇంజను అడుగు నేలకు ఆరంగుళాలు పైన ఉండేలా అతను రింగులు నిలిపాడు.

పవన్ వచ్చి చూసి మొహం చిట్లించాడు.

“ఏంది యేసురత్నం, నా కారు ఇసక లారీ అనుకున్నావా? మూటలు తీసెయ్. టైరుకీ మడ్‌గార్డుకీ నడుమ రెండు వేళ్లు పడితే చాలు.”

“ఖాళీ బండికి కొలిస్తే ఎట్టా అబ్బయ్యా? నలుగురెక్కితే ఇంకా కుంగుద్ది. వాగు మీద చప్టా కాడ అడుగు తగిలి ఇంజను కింది ఆయిల్ చాంబరు పగులుద్ది.”

“మద్రాసులో అందరూ ఖాళీగానే కొలుస్తారు.”

“మద్రాసులో కారు మీ అవ్వ ఎక్కదు గదా.”

పవన్ మొహం కందగడ్డయింది. షెడ్డు ఓనరు సురేంద్రబాబును కేకేశాడు. సురేంద్రబాబు ఒకప్పుడు యేసురత్నం దగ్గరే పని నేర్చుకున్నవాడు. ఇద్దరూ ఒకే చర్చి సంఘం వాళ్లు, వరసకు మేనమామ, మేనల్లుడు.

“ఆయన కారు, ఆయన ఇష్టం. దించు మామా.”

“చాంబరు పోద్దిరా. చెప్తా ఉండా, విను.”

“విన్నాలే. దించు.”

యేసురత్నం పళ్లు నూరుకుంటూ కారు కిందికి దూరాడు. తప్పని తెలిసి చెయ్యడం నలభై ఏళ్లలో అతనికి అదే మొదటిసారి. రింగు తిప్పిన ప్రతిసారీ తనను తానే తిట్టుకున్నాడు.

నాలుగు గంటలకు రామనారాయణ కుటుంబం ఆ కారులోనే అనుమసముద్రంపేట దర్గాకు బయల్దేరింది. ఆయన తల్లి రాఘవమ్మకు అక్కడ మొక్కుబడి ఉంది. పవన్ స్టీరింగు పట్టాడు. ఐదుగురు మనుషులు, ఒక సంచి.

గంట తిరక్కముందే కారును ట్రాక్టరుకు తాడుతో కట్టి తెచ్చారు. చప్టా రాళ్లు చాంబరును చీల్చేశాయి. ట్రాక్టరు వెనక నుంచి రాఘవమ్మను ఇద్దరు పట్టుకుని దించారు. ఆవిడ నడుము పట్టుకుని ఏడుస్తోంది.

“ఎవుడ్రా దీన్ని బిగించింది?” రామనారాయణ అరుపుకు రోడ్డు మీద పోయేవాళ్లు ఆగారు.

పవన్ నేల చూపులు చూశాడు. వాడు నోరు విప్పుతాడని యేసురత్నం అనుకోలేదు. సురేంద్రబాబు విప్పుతాడనుకున్నాడు. సురేంద్రబాబు విప్పాడు కూడా.

“మా మామకి వయసయిపోయింది సార్. కళ్లు ఆనడంల్యా. కొలత తప్పినట్టుండాడు.”

యేసురత్నం చేతిలో పానాతోనే ముందుకొచ్చాడు. తను బిడ్డలాగా పక్కన కూర్చోబెట్టుకుని పానా పట్టడం నేర్పిన వాడి నోట వచ్చిన మాట అది!

“నాకు కళ్లు ఆనడంల్యా? రెండుసార్లు చెప్పినాను. విన్నాలే అన్నావు. అన్నావా లేదా?”

“ఇప్పుడదంతా ఎందుకు మామా,” సురేంద్రబాబు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “తప్పయిందని ఒక్క మాట అను. పెద్దాయన చల్లబడతాడు. నీదేం పోద్ది?”

నీదేం పోద్ది! యేసురత్నం పానాను పిడికిట్లో బిగించాడు. ఒక్క క్షణం దాన్ని వాడి మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. బల్ల మీద పెట్టాడు.

“అనను,” అన్నాడు.

తొట్టి దగ్గర మోచేతుల దాకా కడుక్కున్నాడు. రెండు చొక్కాలు, బైబిలు సంచిలో వేసుకున్నాడు. సురేంద్రబాబు వెనక నుంచి పిలుస్తూనే ఉన్నాడు. యేసురత్నం బస్టాండు దాకా నడిచి, కదులుతున్న ఉదయగిరి బస్సు ఎక్కాడు. ఆ రోజు మంగళవారం. మళ్లీ ఆ షెడ్డు మొహం చూడలేదు.

కారును మామూలు ఎత్తుకు తెమ్మని రామనారాయణ హుకుం. మర్నాడు పొద్దున్నే సురేంద్రబాబు చక్రం విప్పి కూర్చున్నాడు. రింగు ఎంత పైకి తిప్పాలో అతనికి తెలియలేదు. స్ప్రింగు చుట్ల మధ్యగా లోపలికి తొంగి చూస్తే, మరల మీద, రింగుకు మూడు వేళ్ల పైన, సన్నటి ఎర్ర రంగు గీత కనిపించింది. తను మొదట నిలిపిన ఎత్తు ఎక్కడో తెలియడానికి, రింగు దించే ముందు యేసురత్నం గీసిపెట్టిన గీత. నాలుగింటికీ ఉంది.

సురేంద్రబాబు నాలుగు రింగులనూ ఆ గీతల దాకా తిప్పాడు. తిప్పి, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, కిరసనాయిలు గుడ్డతో ఆ గీతలను తుడిచాడు. మరల గాడుల్లో ఎర్ర రంగు అలాగే ఉండిపోయింది.